ఆఫీసుకు వెళ్లాలి, పడవ లాగాలి, కొండలెక్కాలి... ఒక్క బండి సరిపోతుందా?

ప్రశ్న: నాకు ఆఫీసుకు రోజూ రానూపోనూ 40 కిలోమీటర్లు. ఏడాదికి ఓ ఎనిమిదిసార్లు నా చిన్న పడవను ట్రైలర్ మీద పెట్టుకుని నీళ్ల దగ్గరికి తీసుకెళ్తాను. మూడు నాలుగుసార్లు స్నేహితులతో కలిసి మట్టిదారుల్లో, కొండల్లో తిరగాలని సరదా. పాత కారు ఇచ్చేసి సుజుకీ జిమ్నీ, జీప్ రాంగ్లర్, ల్యాండ్ రోవర్ డిఫెండర్, టయోటా ల్యాండ్ క్రూజర్‌లలో ఏదో ఒకటి తీసుకుందామనుకుంటున్నాను. ఒక షోరూం వాళ్లు డౌన్ పేమెంట్ లేకుండా ఏడేళ్ల లోన్ ఇప్పిస్తామంటున్నారు. చేతికొచ్చే జీతంలో మూడో వంతు ఇంటి లోన్‌కే పోతుంది. అత్యవసరానికి రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ఉంది. ఇంట్లో నలుగురం. పడవ 900 కిలోలు. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీరు రాసిన అంకెల్లో నాకు నమ్మకం కుదరనిది ఒక్కటే, ఆ 900 కిలోలు. అది పడవ ఒక్కదాని బరువై ఉంటుంది. దానికి ట్రైలర్ బరువు, పడవ ఇంజన్, ట్యాంకులో ఇంధనం, లంగరు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, ఐస్ పెట్టె కలిపి చూడండి. 1,300 కిలోలు ఎప్పుడు దాటిందో కూడా తెలియదు. ఈసారి వెళ్లేటప్పుడు సామానంతా ఎక్కించి, దారిలో లారీలు తూచే కాటా మీద ట్రైలర్‌ను ఒకసారి తూయించండి. బండి ఎంపికలో మీరు పెట్టే అతి తక్కువ ఖర్చు ఇదే. దీనివల్ల మిగిలేది మాత్రం చాలా ఉంటుంది.

ప్రస్తుతానికి 1,400 కిలోలు అనుకుందాం. అలా అనుకున్న మరుక్షణం జిమ్నీ పోటీలో నుంచి తప్పుకుంటుంది. నాకూ ఆ బండి అంటే ఇష్టమే. ఇరుకు దారిలో, బురదలో దాని రెట్టింపు ఖరీదున్న బండ్లు తంటాలు పడుతుంటే ఇది తేలిగ్గా దూరిపోతుంది. కానీ దానికున్నది 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజన్. బ్రేకులున్న ట్రైలర్‌నైనా 1,300 కిలోల వరకే లాగమని కంపెనీయే చెబుతుంది. నలుగురు కూర్చుంటే వెనక సామానుకు చోటు కూడా పెద్దగా మిగలదు.

'లాగే సామర్థ్యం' అని పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె బ్రేకులున్న ట్రైలర్‌కు వర్తించేది. ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేకపోతే చాలా బండ్లకు ఆ పరిమితి 750 కిలోల దగ్గరే ఆగిపోతుంది. మీ ట్రైలర్‌కు బ్రేకులు లేకపోతే ముందు అవి పెట్టించండి. పెద్ద బండికి మారడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి కూడా రాదు.

ఇంకోటి, ట్రైలర్ ముందు కొన బండి కొక్కెం మీద మోపే బరువు. మామూలుగా ఇది ట్రైలర్ బరువులో పదో వంతు నుంచి 15 శాతం దాకా ఉండాలంటారు. మీకు కనీసం 140 కిలోలు. ఆ బరువును బండి మోయాల్సిందే, అంటే మనుషులకు, సామానుకు ఉన్న పరిమితిలో నుంచే అది పోతుంది. చాలా బండ్లకు డ్రైవర్ డోర్ తెరిస్తే ఆ ఫ్రేము మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మొత్తం ఎంత బరువు మోయవచ్చో అందులో రాసి ఉంటుంది. బ్రోషర్ పక్కన పెట్టి ఆ స్టిక్కర్ చదవండి. నలుగురు మనుషులు, 140 కిలోల కొక్కెం బరువు, ఆపైన టాప్ మీద క్యారియర్, టెంటు అంటూ మీరు మనసులో వేసుకున్న బొమ్మ అంతా అందులో పడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

ఇక రాంగ్లర్. రెండు డోర్లది అమెరికాలో 2,000 పౌండ్లు, అంటే దాదాపు 900 కిలోల దాకానే లాగుతుంది కాబట్టి దాన్ని వదిలేయండి. నాలుగు డోర్లదానికి అక్కడ చాలాకాలం చెప్పిన పరిమితి 3,500 పౌండ్లు, అంటే సుమారు 1,590 కిలోలు. దేశాన్ని బట్టి, ఇంజన్‌ను బట్టి ఈ అంకె మారుతుంది. అందుకే మీరు కొనే ఆ బండి మాన్యువల్లో ఉన్నదే చూడండి. మీ 1,400 కిలోలు లాగుతుంది గానీ, మిగులు పెద్దగా ఉండదు. పోనీ రోజూ ఆఫీసుకు ఎలా ఉంటుందంటే, ముందూ వెనకా కుడి ఎడమ చక్రాలను ఒకే కడ్డీతో కలిపే గట్టి యాక్సిల్, డబ్బాలాంటి ఆకారం, ఊడదీయగలిగే డోర్లు, టాప్. కొండల్లో సరదా పుట్టించే ఈ లక్షణాలే హైవే మీద గాలి హోరుగా, ఎక్కువ ఇంధన ఖర్చుగా తిరిగొస్తాయి. పైగా బురదకని లోతైన గాడులున్న టైర్లు వేయిస్తే మోత పెరుగుతుంది, తారు రోడ్డు మీద అవి త్వరగా అరిగిపోతాయి కూడా.

డిఫెండర్, ల్యాండ్ క్రూజర్ మీ పడవను లాగుతున్నట్టు కూడా అనుకోవు. ల్యాండ్ క్రూజర్ 300 చాలా దేశాల్లో 3,500 కిలోలు లాగుతుంది. డిఫెండర్ 110 కూడా చాలా ఇంజన్లతో అంతే. 2020 నుంచి వస్తున్న డిఫెండర్‌కు పాతదానిలా విడి ఛాసిస్ లేదు. కారులా బాడీ, ఫ్రేము ఒక్కటే కాబట్టి రోడ్డు మీద మెత్తగా పోతుంది. గాలి నింపిన బుడగలతో బండి ఎత్తు పెంచే ఎయిర్ సస్పెన్షన్ ఉన్నది 900 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో కూడా దిగుతుంది. కాకపోతే వారంటీ అయిపోయాక ఆ ఎయిర్ సస్పెన్షన్, ఎలక్ట్రానిక్స్ రిపేరుకు వస్తే మీ అత్యవసర నిధి మీదే పడతాయి. ల్యాండ్ క్రూజర్‌కు రీసేల్ విలువ బాగా నిలుస్తుంది, అందుకే సెకండ్ హ్యాండ్‌లోనూ చవగ్గా దొరకదు. మీ అవసరానికి రెండూ మోతాదు మించినవే.

ఇప్పుడు లోన్ సంగతి. వడ్డీ ఏడాదికి నూటికి తొమ్మిది అనుకుని లెక్క వేశాను. వంద అప్పు చేసి ఏడేళ్లలో తీరిస్తే వడ్డీ 35 కడతారు, నాలుగేళ్లలో తీరిస్తే 19 చిల్లర. నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ తేడా కాదు. ఏడేళ్ల లోన్‌లో మూడేళ్లు వాయిదా తప్పకుండా కట్టాక కూడా ఇంకా 65 దాకా బాకీ ఉంటుంది. అప్పటికి బండి విలువ అంతకన్నా కిందకు పడిపోతే, లేదా యాక్సిడెంట్‌లో బండి పనికిరాకుండా పోయి ఇన్సూరెన్స్ డబ్బు తక్కువొస్తే, లేని బండికి మీరు జేబులోంచి కట్టాలి. డౌన్ పేమెంట్ లేదు కాబట్టి ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. నెల వాయిదా చిన్నగా కనిపించడమే ఆ ఆఫర్ మొత్తం కిటుకు. కనీసం 20 శాతం చేతి నుంచి పెట్టి, మిగతాది నాలుగేళ్లలో తీర్చగలిగితేనే ఆ బండి మీ స్తోమతలో ఉన్నట్టు. బండి కొనడం ఒక ఎత్తు, మేపడం ఒక ఎత్తు. వాయిదా, ఇన్సూరెన్స్, ఇంధనం, టైర్లు, సర్వీసు అన్నీ కలిపి చేతికొచ్చే జీతంలో 15 శాతం దాటితే, ఇంటి లోన్‌తో కలిపి దాదాపు సగం జీతం ముందే పోయినట్టు.

నా మాట అడిగారు కాబట్టి చెబుతున్నాను. మీరు రాసిన నాలుగింటిలో ఏదీ వద్దు. బ్రేకులున్న ట్రైలర్‌ను 2,000 కిలోల దాకా లాగే, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న మామూలు ఫ్యామిలీ ఎస్‌యూవీని, మూడేళ్లు వాడినది, తీసుకోండి. రేవు దగ్గర తడి ర్యాంపు మీద నుంచి పడవను బయటికి లాగేటప్పుడు నాలుగు చక్రాలకూ పట్టు ఉంటే టెన్షన్ ఉండదు. మీకు నిజంగా ఫోర్ వీల్ డ్రైవ్ అక్కరకొచ్చేది అక్కడే. ఏడాదికి మూడు నాలుగు కొండ ప్రయాణాలకు రాంగ్లర్‌నో జిమ్నీనో అద్దెకు తెచ్చుకోండి. మామూలు అద్దె కార్ల ఒప్పందంలో మట్టిదారులు నిషేధం అని రాసి ఉండొచ్చు. ఆఫ్ రోడ్ కోసమే అద్దెకిచ్చే వాళ్ల దగ్గర, ఒప్పందం చదివి మరీ తీసుకోండి. సంవత్సరమంతా చేసిన అద్దె ఖర్చు, రాంగ్లర్ ఒక్క ఏడాదిలో కోల్పోయే విలువతో పక్కపక్కన పెట్టి చూడండి. కానీ దీనికన్నా ముందు ఆ రెండు నెలల నిధిని ఆరు నెలలకు పెంచండి. అప్పటిదాకా పాత కారుతోనే నడపండి, పడవ ప్రయాణాలు ఓ సీజన్ తగ్గితే తగ్గాయి.

మనసు రాంగ్లర్ మీద నుంచి రాదంటే, అదీ అర్థమవుతుంది. కొన్ని కోరికలు లెక్కలకు లొంగవు. నాలుగు డోర్లది, వాడినది, నాలుగేళ్ల లోన్‌లో తీసుకోండి. పడవలో సామాను కొంత తగ్గించండి.

ఏ ఆఫ్ రోడ్ బండినైనా సెకండ్ హ్యాండ్‌లో చూసేటప్పుడు మెరిసే పెయింట్ జోలికి పోకండి. సీట్ బెల్టును చివరిదాకా లాగి చూడండి. లోపలి భాగంలో బురద చార కనిపిస్తే ఆ బండి సీట్ల ఎత్తు దాకా నీళ్లలో మునిగి ఉండొచ్చు. యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల పెట్టె, అదే డిఫరెన్షియల్, అందులోని ఆయిల్ కొంచెం తీయించి చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరింది, బేరం ఆడకుండా వచ్చేయండి. కింద స్టీల్ ప్లేట్ల మీద గీతలు మామూలే, చక్రాలను బండికి కలిపే సస్పెన్షన్ కడ్డీలు వంగి ఉంటే మాత్రం అనుమానించాల్సిందే. పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, అంటే కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకూ బలం పంపే ఏర్పాటు, ఉన్న బండిని ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో తిప్పితే గేర్లు ఒకదానితో ఒకటి పెనుగులాడి, ముందూ వెనకా చక్రాలకు బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బతినొచ్చు. టెస్ట్ డ్రైవ్‌లో మెత్తటి మట్టి నేల మీద దాన్ని వేసి, తీసి, వింత చప్పుడు వస్తుందేమో వినండి.

సంతకం పెట్టే ముందు ఇన్సూరెన్స్ కంపెనీని రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. రోడ్డు కాని చోట జరిగిన నష్టానికి క్లెయిమ్ ఇస్తారా? బండి ఎత్తు పెంచినా, టైర్ల సైజు మార్చినా ముందే చెప్పాలా? ట్రైలర్‌కూ, పడవకూ పాలసీ విడిగా ఉండాలేమో కూడా అప్పుడే కనుక్కోండి.