శైలూ, అరల మీద పంట పెట్టే ముందు

శైలూ,

నిజాంపేటలో గది అద్దెకు తీసుకుని, మట్టి లేకుండా నీళ్ళతోనే అరల మీద లెట్యూస్, ఇటాలియన్ తులసి పెంచబోతున్నావని నిన్న అమ్మ చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం కొంత, టెన్షన్ కొంత. మన ఇంట్లో మళ్ళీ ఒకరు పంట పెడుతున్నారంటే మీ మావయ్యకి ఎంత బాగుందో!

నీళ్ళ పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా తెలిపే కొలత, 5.5, 6.5 మధ్య ఉంచు. పంపుకి ఇన్వర్టర్ పెట్టు. విత్తనం వేయకముందే కొనేవాళ్ళతో మాట్లాడుకో.

ఈ పద్ధతిలో మేలు నాకు తెలుసు. ఒక గదిలో అయిదు అరలు వేస్తే అయిదు గదుల నేల దొరికినట్టే. వేళ్ళను తడిపిన నీళ్ళు మళ్ళీ తొట్టికే చేరతాయి. కోతల వేళ వచ్చే తుఫానుకి భయపడక్కర్లేదు. కానీ మూసిన గదిలో ఎండ, వాన, గాలి మూడూ మనమే ఇవ్వాలి. లైట్లు కొన్నావట, పంపు కొన్నావట. గాలికి ఏం చేశావో అమ్మ చెప్పలేదు.

నువ్వు పుట్టకముందు, 1996లో, తెనాలి ఇంటి వెనక పాకలో వెదురు తడికలతో నాలుగు అరలు కట్టి చిప్ప పుట్టగొడుగులు వేశాను. వరిగడ్డి ఉడకబెట్టడం, సంచుల్లో పొరలుగా స్పాన్, అంటే పుట్టగొడుగుల విత్తనం, చల్లడం, అన్నీ సరిగ్గానే చేశాను. తేమ పోకూడదని తలుపుకి, కిటికీలకి తడి గోనెపట్టాలు సందు లేకుండా బిగించాను. "లోపల ఊపిరాడటం లేదండీ" అని మీ అత్తయ్య రోజూ అనేది. నేను వినలేదు. మూసిన పాకలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంది. దాంతో వచ్చినవన్నీ పొడుగాటి కాడలు, వాటి చివర గోరంత గొడుగులు. హోటల్ వాళ్ళు బుట్టలు వెనక్కి పంపేశారు. డబ్బు పోతే పోయింది. పై అర కోయడానికి నిచ్చెనెక్కి గంటలకొద్దీ ఆ గాలి పీల్చింది అత్తయ్య. పుట్టగొడుగుల బీజాలు కంటికి కనపడని పొడిలా గాలిలో తేలతాయి. ఆమెకి దగ్గు పట్టుకుంది. ఇక పాకలో అడుగు పెట్టొద్దని డాక్టరు చెప్పాక గానీ నేను గోనెలు విప్పలేదు. ఇప్పటికీ రాత్రిపూట ఆమె దగ్గితే లేచి కూర్చుంటాను.

నీ ఆకుకూరకి బీజాల బెడద లేదులే. కానీ గాలి కదలకపోతే లెట్యూస్ లేత ఆకుల అంచులు మాడతాయి. కాల్షియం అందక వచ్చే మాడు అది. ఆకు నుంచి నీరు ఆవిరైతేనే కాల్షియం అక్కడిదాకా వెళ్తుంది; తొట్టిలో ఎంత కలిపినా లాభం లేదు. ప్రతి అరకీ చిన్న ఫ్యాన్ పెట్టు. లైట్ల వేడి పైకి చేరుతుంది కాబట్టి థర్మామీటర్ పై అరలో ఉంచు.

అప్పు చేసి రెండో గది తీసుకున్నావో, ఊరుకోను. అమెరికాలో ఇలాగే అరల మీద ఆకుకూరలు పెంచే అంత పెద్ద కంపెనీ ఏరోఫార్మ్స్ కూడా 2023లో దివాలా కోర్టుకెక్కింది. మొదటి గది కరెంటు బిల్లులు ఆరు నెలలవి నాకు చూపించు, తర్వాత మాట్లాడదాం.

వేళకి తిను. శనివారం నేనూ అత్తయ్యా వస్తున్నాం. అగరుబత్తి వెలిగించి, పొగ ఏ అరలో కదలకుండా నిలిచిపోతోందో చూద్దాం. ఫ్యాన్లు అప్పటిదాకా గోడకి బిగించకు.

మావయ్య