టెక్ సందేహాలు: యాప్‌లో ఒక్క ఎర్రరూ లేదు, బ్రేకు మాత్రం మెత్తగా దిగుతోంది

ప్రశ్న: మాది 2012 మోడల్ చిన్న కారు. ముందు డిస్క్, వెనక డ్రమ్ బ్రేకులు. నెల కింద వెనక లైనర్లు (డ్రమ్ము లోపల రుద్దుకుని చక్రాన్ని ఆపే పట్టీలు) కొత్తవి వేయించి, డ్రమ్ములు లేత్ పట్టించాను. అప్పటి నుంచి పెడల్ మెత్తగా ఉంటోంది. రెండుసార్లు బ్రేకు ఆయిల్ పైపుల్లోని గాలి తీయించినా అంతే. ఇప్పుడు మెకానిక్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే భాగం) మార్చాలంటున్నాడు. కారు కంప్యూటర్‌కు తగిలించే ఓబీడీ డాంగిల్ కొని ఫోన్‌లో చూస్తే ఒక్క ఎర్రరూ లేదు. యాప్‌ను నమ్మాలా, మెకానిక్‌నా? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: ఇద్దరినీ కాసేపు పక్కన పెట్టి మీ కుడికాలిని నమ్మండి.

డాంగిల్‌ది తప్పేం లేదు. ఇంజిన్ కంప్యూటర్ దగ్గరున్న ఫిర్యాదులను చదవడమే దాని పని. మీ కారులో బ్రేకు అంటే ఒక పెడల్, కొంత ఆయిల్, పైపులు, రబ్బరు కప్పులు. వాటిలో గాలి దూరిందని చెప్పే సెన్సర్ ఎక్కడా లేదు. ఆయిల్ డబ్బాలో మట్టం పడిపోతే ఎర్రలైటు వెలిగించే చిన్న ఫ్లోట్ ఉంటుంది, అంతే. కాలు బెణికినవాడికి థర్మామీటర్ పెట్టి, జ్వరం లేదు కదా, లేచి నడువు అన్నట్టే ఉంటుంది యాప్‌ను అడిగితే.

ఇక ‘మెత్తగా’ అన్న మాట. మూడు వేరువేరు జబ్బులకు జనం ఇదే పేరు పెడతారు. మెకానిక్ తనకు తోచినదానికి మందు వేస్తాడు. ఏది మీదో ఇంటి ముందే తేల్చుకోవచ్చు. చదునైన చోట కారు ఆపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఇంజిన్ ఆపేయండి. పెడల్ ఐదారుసార్లు తొక్కితే, కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ పోతుంది. ఒక నిమిషం ఆగి, నిదానంగా తొక్కండి. సగం గాలి ఉన్న బంతిని నొక్కినట్టు కాలి కింద ఆడుతూ, వరసగా తొక్కేకొద్దీ గట్టిపడితే అది గాలి. సగందాకా ఊరికే దిగిపోయి, అక్కడ రాయిలా ఆగి, వెంటనే మళ్లీ తొక్కితే పైనే అందితే అది సందు: లైనరుకూ డ్రమ్ముకూ మధ్య దూరం ఎక్కువైందన్నమాట. గట్టిగానే అంది, కాలు కదపకుండా అర నిమిషం అదిమి ఉంచితే మెల్లగా కిందికి జారుతుంటే అది లీకు. ఆయిల్ బయటికి కారుతుండాలి, లేదంటే మాస్టర్ సిలిండర్ లోపలి కప్పు దాటి వెనక్కి పోతుండాలి. ఈ చివరిది కనబడి, బయట ఎక్కడా తడి లేకపోతేనే మాస్టర్ సిలిండర్ మీద డబ్బు పెట్టండి. అన్నట్టు, పెడల్ మీద కాలుంచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కొంచెం దిగుతుంది. అది బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తు, దానికి టెన్షన్ పడకండి.

మీ కథలో నా అనుమానం రెండోదాని మీద. డిస్క్ బ్రేకులో ప్యాడ్ ఎప్పుడూ డిస్కుకు దాదాపు ఆనుకునే ఉంటుంది. డ్రమ్ములో అలా కాదు. కాలు తీసిన ప్రతిసారీ స్ప్రింగులు లైనర్లను వెనక్కి లాగేస్తాయి. మళ్లీ తొక్కినప్పుడు ముందు ఆ సందు నిండాలి, ఆ తర్వాతే పట్టు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు నడిపినవాళ్లకు ఇది బాగా తెలుసు. రెండోసారి తొక్కితేగానీ బ్రేకు పైకి రావడం లేదంటే లైనర్లు టైట్ చేయించే రోజొచ్చిందని లెక్క.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. మీలాంటి కార్లలో హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక లైనర్లే డ్రమ్ముకు పట్టుకుంటాయి. దాన్ని పూర్తిగా లాగి, పెడల్ తొక్కండి. చప్పున పైకొచ్చి గట్టిపడిందా, దోషం వెనక సందులోనే ఉంది. తేడా ఏమీ లేకపోతే వెతకాల్సింది వేరేచోట.

సందు ఎందుకు మిగిలిందంటే, లైనర్లు మార్చేటప్పుడు జరిగే రెండు పొరపాట్లు నాకు తెలుసు. ఒకటి, ఈ సందును సరిచేసే అడ్జస్టర్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేయడం. చాలా కార్లలో రెండింటి మరలు వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి, తారుమారైతే సందు తగ్గడానికి బదులు పెరుగుతుంది. రెండు, లైనర్లు సెట్ చేయకుండానే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగించేయడం. హ్యాండ్‌బ్రేక్ బాగానే పట్టుకుంటుంది కాబట్టి పనైపోయిందనుకుంటారు. ముందు లైనర్లు, కేబుల్ చివర్లో.

సందు సరిచేశాక కూడా పెడల్ స్ప్రింగులా ఆడుతుంటే అప్పుడు లేత్ సంగతి చూడాలి. లేత్ మీద గీసిన డ్రమ్ము లోపలి వ్యాసం పెరుగుతుంది. కొత్త లైనరు వంపు మాత్రం అసలు కొలతకు చేసినది. దాంతో లైనరు మధ్యలోనే తగిలి, అంచులు గాల్లో ఉంటాయి. తొక్కినప్పుడు లైనరు రేకు వంగుతుంది. కాలికి అది అచ్చం గాలి ఉన్నట్టే తెలుస్తుంది. ఇలాంటప్పుడు గాలి ఎన్నిసార్లు తీసినా వచ్చేదేమీ ఉండదు, లేని గాలిని ఎవరు తీస్తారు? తెలుసుకోవాలంటే లైనరు మీద చాక్‌పీస్ పూసి, డ్రమ్ము ఎక్కించి, బ్రేకు కొద్దిగా పట్టించి చక్రం తిప్పి విప్పండి. మధ్యలో మాత్రమే చాక్ చెరిగితే వంపు కలవలేదు. కొద్ది తేడా అయితే తిరిగేకొద్దీ అరిగి సర్దుకుంటుంది, పెద్ద తేడా అయితే కొత్త డ్రమ్ములే దారి. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం పోతపోసి ఉంటుంది. అది దాటి గీసినదైతే ఆలోచించకుండా పారేయండి.

విప్పినప్పుడు, లైనర్లను డ్రమ్ము మీదికి నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచు కొంచెం ఎత్తి చూడమనండి. లోపల తడి ఉంటే సిలిండర్ కారుతున్నట్టే. లోపలి దుమ్మును మాత్రం ఎయిర్ గన్‌తో ఊదనివ్వకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు చేటు.

మీ మెకానిక్ మాటలో నిజం ఉండే అవకాశమూ ఉంది. గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేలదాకా తొక్కుతారు. పాత కారులో మాస్టర్ సిలిండర్ కప్పులు ఏళ్లుగా వెళ్లని చోటికి, అడుగున పేరుకున్న మడ్డి మీదికి వెళ్లి అంచులు చిరుగుతాయి. గాలి తీయించడానికి వెళ్లి కొత్త జబ్బు తెచ్చుకోవడం ఇలాగే. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెడితే ఆ బాధ ఉండదు. ఇదంతా తేలేదాకా కారు తీయకండి. సాయంత్రం వరంగల్ చౌరస్తాలో ఆటోల మధ్య చేయాల్సిన పరీక్ష కాదిది.

మరో మాట, 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. అలాంటి కారులో ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి దూరితే చాలావాటిలో స్కాన్ టూల్‌తో లోపలి వాల్వులు తెరిపించాలి. సాఫ్ట్‌వేర్ అక్కరకొచ్చేది అక్కడే. చవక డాంగిళ్లు ఆ పని చేయవు.

ప్రశ్న: ఆదిలాబాద్ నుంచి వస్తూ మహబూబ్ ఘాట్ దిగేసరికి బ్రేకు పెడల్ పూర్తిగా లోపలికి పోయింది. ఆగి కాసేపు చూస్తే మామూలైంది. ఏమై ఉంటుంది? (నిర్మల్)

జవాబు: బ్రేకు ఆయిల్ మరిగింది. డాట్ 3, డాట్ 4 ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు ఇవే 230, 155. దిగుడంతా బ్రేకు మీదే కాలుంచితే ఆ వేడి రావడం కష్టమేం కాదు. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, చల్లారితే మాయమవుతాయి. డ్రమ్ములు వేడికి వ్యాకోచించి సందు పెరిగినా పెడల్ దిగుతుంది కానీ, అలా నేలదాకా పోదు. ఆయిల్ మొత్తం మార్పించండి, ఇకమీదట రెండేళ్లకోసారి. నిరుడు మూత తీసి షెడ్డులో పెట్టిన సగం సీసా వద్దు, సీలున్నది తెమ్మనండి. ఆయిల్ ఏదైతేనేం అని ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బి మొత్తం సిస్టమ్ పాడవుతుంది. ఘాట్‌లో రెండో గేరులో దిగండి.

ప్రశ్న: ఓబీడీ డాంగిల్‌ను ఎప్పుడూ పోర్టులోనే ఉంచవచ్చా? (పరకాల)

జవాబు: వద్దు. కారు ఆపినా ఆ పోర్టుకు 12 వోల్టులు వస్తూనే ఉంటాయి. బండి రెండు మూడు వారాలు కదలకపోతే బ్యాటరీ దిగిపోవచ్చు. పైగా చవక బ్లూటూత్ డాంగిళ్లలో చాలావాటి పిన్ 1234, పక్కనున్న ఎవరైనా ఇట్టే కనెక్ట్ కావచ్చు. చూడటం అయిపోగానే తీసి డ్యాష్‌బోర్డు అరలో పడేయండి.