పేరు వినలేదని పక్కన పెట్టకండి

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. ఇంట్లోనే పాడి రికార్డు చేసుకోవాలని ఉంది. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ ఉంది. సాఫ్ట్‌వేర్ ఏది వాడాలంటే అందరూ ఎఫ్‌ఎల్ స్టూడియో అంటున్నారు. ఒకరు మాత్రం రీపర్ అన్నారు. ఆ పేరే వినలేదు, నమ్మొచ్చా?

జవాబు: నిక్షేపంగా నమ్మొచ్చు. రీపర్ పేరు మీ చెవిన పడకపోవడానికి కారణం ప్రచారం తక్కువ కావడమే. మన కంప్యూటర్లలో ఒకప్పుడు పాటలు వినిపించిన విన్‌యాంప్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెలే దీన్నీ తెచ్చారు. ఆ సంగతి చెబితే చాలామంది వెంటనే దించుకుంటారు!

పేరు మహిమకు ఎఫ్‌ఎల్ స్టూడియోనే చూడండి. 1997లో అది ‘ఫ్రూటీలూప్స్’. వింటే పిల్లల ఆటబొమ్మే అనిపించేది, పైగా కెల్లాగ్స్ వారి ఫ్రూట్ లూప్స్ అనే అల్పాహారం పేరుతో ట్రేడ్‌మార్క్ చిక్కు. 2003లో పేరు మారింది, ‘స్టూడియో’ అనే మాటతో హోదా వచ్చింది. ఒకసారి కొంటే అప్‌డేట్లు జీవితాంతం ఉచితమన్న హామీ అంతకన్నా గట్టి ప్రచారం. బీట్లు కట్టడానికి అది చక్కనిదే. కానీ ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు కొనేదాకా మళ్లీ తెరుచుకోదు. ‘ప్రో’ అన్న మాటా అంతే: ప్రో టూల్స్ అనే మరో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత ఎడిషన్ ఇంట్రోలో ఆడియో ట్రాకులు 8 మాత్రమే.

రీపర్‌ను 60 రోజులు ఏ కోతా లేకుండా వాడి చూడొచ్చు. ఆపై వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. గొంతు రికార్డింగుకు నా ఓటు దీనికే.

మొదట్లో అందరినీ విసిగించేది ఆలస్యం: పాడిన మాట హెడ్‌ఫోన్‌లో కాస్త ఆగి వినిపిస్తుంది. కంప్యూటర్ ధ్వనిని ముక్కలుగా పోగు చేసి పంపుతుంది, ఆ ముక్కే బఫర్. 48,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని శాంపిళ్లు) దగ్గర 512 శాంపిళ్ల బఫర్ అంటే దాదాపు 10.7 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కలిపి 20 దాటుతుంది, తాళం తప్పుతుంది. రీపర్‌లో ఆప్షన్స్, ప్రిఫరెన్సెస్, ఆడియో, డివైస్‌లోకి వెళ్లి ఏఎస్‌ఐఓ (ఆలస్యాన్ని తగ్గించే ఆడియో డ్రైవర్ పద్ధతి) ఎంచుకోండి. బఫర్ 128 పెట్టండి. చిటపటలు వస్తే 256 చేయండి. మిక్సింగప్పుడు 1024 పెట్టినా నష్టం లేదు. ఎస్పీ రోడ్డులో ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) కొనేటప్పుడు పెట్టె మీద రాసింది చూసి మురిసిపోకుండా, దానికి సొంత ఏఎస్‌ఐఓ డ్రైవర్ ఉందా అని అడగండి.

కంట్రోల్‌+టి కొడితే కొత్త ట్రాక్ వస్తుంది. ఆ ట్రాక్ మీది ఎర్ర బటన్ నొక్కి, గట్టిగా పాడే చోట మీటర్ మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ (మైకు ధ్వని లోపలికి వచ్చే స్థాయి) సర్దండి. పాడేటప్పుడు వెనక సంగీతం వినడానికి స్పీకర్లు వద్దు, హెడ్‌ఫోన్సే వాడండి. లేదంటే సంగీతం మైకులోకి దూరుతుంది, తర్వాత విడదీయడం కష్టం.

రేపు ఏ స్టూడియోవాళ్లో ప్రో టూల్స్ ఫైలే కావాలన్నా కంగారు పడకండి. ప్రతి ట్రాకునూ పాట మొదటి క్షణం నుంచే, 24 బిట్ వేవ్ ఫైలుగా రెండర్ చేసి (విడి ఆడియో ఫైలుగా తీసి) ఇవ్వండి. పాట టెంపో (వేగం) కూడా రాసివ్వండి.