ఎర్ర కారు బేరం గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఎర్ర రంగు, లోపల లేత గోధుమ రంగు తోలు సీట్లు, తలుపుల మీద ఆ గీతలు... మనసు లాగకపోతేనే ఆశ్చర్యం. "కొత్త పెద్ద కారు ధరకే ఫెరారీ 348 వస్తోంది మామయ్యా, వదిలితే మళ్లీ దొరకదు" అని రాశావు. దొరుకుతుంది. వేలల్లో తయారు చేసిన బండి అది. అంత తక్కువకి ఎందుకిస్తున్నాడో అడిగావా? ఉత్తరంలో ఫెరారీ గుర్తయిన గుర్రం బొమ్మ గురించి రాశావు గానీ, ఇంజిన్ వాల్వులు వేళకి తెరుచుకునేలా తిప్పే రబ్బరు పట్టీలున్నాయే, ఆ టైమింగ్ బెల్టుల గురించి ఒక్క ముక్క లేదు.

ఆ బెల్టుల దగ్గరే అసలు కథంతా ఉంది. 1989లో వచ్చిన 348లో ఇంజిన్‌ను కారు పొడవునా పెట్టారు, బెల్టులేమో సీట్ల వెనక గోడ వైపుకి వచ్చాయి. చెయ్యి దూరే సందు లేదు. అందుకని బెల్టులు మార్చాలంటే ఇంజిన్ మొత్తం కిందికి దించాలి. ఫెరారీ వాళ్లవే టెస్టరోస్సాకి, ఎఫ్355కీ అదే గతి. 1999లో వచ్చిన 360కి సీట్ల వెనక ఒక మూత పెట్టి ఈ బాధ తప్పించారు. పాతవాటికి ఆ యోగం లేదు. ఇంజిన్ దించాక మెకానిక్ ఊరుకుంటాడా? "ఎలాగూ దించాం కదా సార్" అని వాటర్ పంపు, టెన్షనర్ బేరింగులు, క్లచ్, పాత రబ్బరు గొట్టాలు అన్నీ చూపిస్తాడు. చెప్పేది అబద్ధమూ కాదు. మొత్తం తడిసి మోపెడై బిల్లు ఐదంకెల డాలర్లకి చేరడం మామూలే. పోనీ మార్చకుండా నడుపుదామంటే, బెల్టు తెగిన క్షణంలో వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. అప్పుడు బిల్లు చూసి కారే నయం అనుకుంటావు.

ఇదంతా నా అనుభవమే. నేను కొన్నది ఫెరారీయే, 308 జీటీఎస్. దానికి ఇంజిన్ అడ్డంగా ఉంటుంది కాబట్టి దించకుండానే బెల్టులు మార్చొచ్చు, అదొక్కటే నా అదృష్టం. అమ్మినాయన "బెల్టులు కొత్తవే" అన్నాడు, బిల్లు అడిగితే నవ్వాడు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. బండి ఆరేళ్లు షెడ్డులో పడుకుని ఉంది. ఇంటికి తెచ్చి ఫ్యూజుల పెట్టె తెరిస్తే, ప్లాస్టిక్ కాలి గోధుమ రంగుకి తిరిగింది, ఒక ఫ్యూజు దాని గూటికే అతుక్కుపోయింది. పెట్రోలు గొట్టం వేలితో వంచితే ఎండిన రొట్టెలా పగిలింది. నాలుగు వెబర్ కార్బురేటర్ల కింద వేడి ఇంజిన్, వాటికి పెట్రోలు తెచ్చేది ఈ గొట్టం! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత రబ్బరు ఇంకా తొందరగా పోతుంది. మొదటి సంవత్సరం నాకైన ఖర్చు కారు ధరలో సగం దాటింది. మీ అత్తయ్యకి ఆ లెక్క ఈనాటికీ పూర్తిగా తెలియదు, నువ్వు చెప్పకు.

కారు ధర పడిపోయినా దాని సామాను ధర పడదు. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, చవకైన ఫెరారీకి కూడా ఫెరారీ బిల్లే వస్తుంది. మరో ఇటలీ కంపెనీ మసెరాటీ 1981లో తెచ్చిన బిటుర్బో చవగ్గా దొరికేదీ ఇందుకే. పాత ఫెరారీ మోండియల్‌కి టైర్లు కొనబోతే అవి మిషెలిన్ టీఆర్‌ఎక్స్ అనే వేరే కొలతలవని తేలుతుంది, మామూలు టైరు ఆ చక్రానికి పట్టదు. ఆఖరికి కారుతో ఇచ్చిన పనిముట్ల సంచీ పోయినా, అసలుది కొనాలంటే వేల డాలర్లే.

ఇక "ధర పెరుగుతుంది" అన్న మాట. ఫెరారీ 250 జీటీఓలు 36 మాత్రమే చేశారు. 2018లో ఒకటి వేలంలో 4.84 కోట్ల డాలర్లకి పోయింది. ఆ లెక్క మన కార్లకి అంటగట్టకు. 1988లో కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ చనిపోయాక ధరలు ఆకాశానికెక్కాయి. అప్పు చేసి మరీ కొన్నవాళ్లున్నారు. తొంభైల మొదట్లో అవే ధరలు కుప్పకూలాయి, అప్పులు మాత్రం మిగిలాయి.

నీ చేతిలో ఉన్న డబ్బుకి నన్నడిగితే మంచి ఆల్ఫా రోమియో స్పైడర్ చూసుకోమంటాను. 1966 నుంచి 1994 దాకా చేశారు, సామాను దొరుకుతుంది, ఇంజిన్‌కి బెల్టు బదులు చైన్ ఉంటుంది. దాని శత్రువు తుప్పు. తలుపుల కింద భాగానికీ, నేలకీ మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి చూడు. పట్టకపోతే రంగు కింద ఉన్నది ఇనుము కాదు, పుట్టీ. (1975 నాటి తొలి 308ల మీద ఈ పరీక్ష పనిచెయ్యదు, వాటి ఒళ్లు ఫైబర్‌గ్లాస్. అవి మనకందే ధరలోనూ లేవులే.)

కాదు, ఫెరారీయే కావాలంటావా? సరే. అందులో చవకైనది కాదు, బిల్లుల ఫైలు లావుగా ఉన్నది వెతుకు. మీటరు మరీ తక్కువ చూపిస్తే మురిసిపోకు, నిలబెట్టిన బండికి ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్లు ఎండిపోతాయి. బేరం కుదరక ముందే, అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌తో కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు (ఇంజిన్ సిలిండర్లలో ఒత్తిడి సరిగా నిలుస్తోందా, ఎక్కడైనా లీకవుతోందా అని చూసేవి) చేయించు. ధరలో మూడో వంతు మొదటి ఏడాదికని విడిగా బ్యాంకులో ఉంచు. అంత మిగలకపోతే ఆ కారు నీది కాదు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు కారు విలువ ముందే ఒప్పుకుని రాసే పాలసీ అడుగు.

చూడ్డానికి వెళ్లే రోజు "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని చెప్పు. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు... పొరబడ్డాను, ఇంజిన్ వెనకుంటుంది, వెనక మూత మీద పెట్టు. వెచ్చగా ఉంటే నీకు చూపించకూడనిదేదో వేడి చేసి దాచాడన్నమాట. నడిపేటప్పుడు గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కేదాకా రెండో గేరు జోలికి పోకు, ఫస్ట్ నుంచి థర్డ్‌కి వెయ్యి. నువ్వు బలవంతంగా రెండో గేరు వెయ్యబోతున్నట్టు నటిస్తే అమ్మేవాడు మొహం చిట్లిస్తాడు చూడు, అలా చిట్లిస్తే బండిని బాగా చూసుకున్న మనిషే.

బెల్టుల బిల్లు, దాని మీద తేదీ కనిపించేలా ఫోటో తీసి పంపు. కొంచెం పెద్దగా తియ్యి, ఈ కళ్లజోడుతో చిన్న అక్షరాలు ఆనట్లేదు. అది నేను చూసేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ మామయ్య