ఊరి పాటతో మొదటి ఆల్బమ్ హిట్టయితే ఆ పాట సింగర్‌దేనా?

కాదు, తప్పెటగుళ్లు, జముకుల కథ లాంటి ఉత్తరాంధ్ర జానపద కళల్లో తరతరాలుగా పాడుతున్న, ఎవరు కట్టారో తెలియని పాట మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. శ్రీకాకుళం కుర్రాడు దాన్ని తన తొలి ఆల్బమ్‌లో పెట్టి హిట్ కొట్టినా, అతనికి దక్కేది ఆ రికార్డింగ్ మీద (దాన్ని తానే నిర్మించుకుంటే), తాను కొత్తగా చేర్చిన మాటల మీద, సంగీతం మీద హక్కే.

1957 కాపీరైట్ చట్టం కాపాడేది ఒకరు సొంతంగా సృష్టించినదాన్ని. రచయిత ఉన్నంతకాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు ఆ రక్షణ ఉంటుంది.

పాత పల్లవికి అతను గిటార్ జోడించి రెండు చరణాలు రాశాడనుకోండి. ఆ పల్లవిని విజయనగరంలో ఇంకొకరు తమ పద్ధతిలో హాయిగా పాడుకోవచ్చు. ఆ చరణాలో, ఆ ట్రాకో కావాలంటే మాత్రం అడగాల్సిందే.

చాలామంది పొరబడేది మరోచోట: ఉత్తరాంధ్ర యాస వినిపిస్తే చాలు, జానపదమే అనుకుంటారు. ఉత్తరాంధ్ర ప్రజాకవి వంగపండు ప్రసాదరావు రాసిన పాటలు ఎంత ఊరి పాటల్లా ఉన్నా వాటికి రచయిత ఉన్నారు. ఆయన 2020లో కన్నుమూశారు కాబట్టి ఆ సాహిత్యానికి 2080 చివరిదాకా రక్షణ ఉంటుంది. వీడియో కింద ‘జానపదం’ అని రాసేస్తే అది మారదు (కాపీరైట్ క్లెయిమ్ వచ్చాకే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది).