పటంలోని చేతులు ఎవరివి?

ఒక జమీందారు గారి నిలువెత్తు తైలవర్ణ చిత్రాన్ని చూసి ఆయన హోదానూ స్వభావాన్నీ ఎలా గ్రహించాలని మీరు అడిగారు. హోదా త్వరగానే తేలుతుంది, అది పదిమందికీ తెలియాలనే అటువంటి పటం వేయించుకుంటారు. వెనుక స్తంభం, మడతలు పడిన మఖమలు తెర, బల్లమీద పుస్తకాలు ఐరోపా చిత్రకళ నుంచి మన సంస్థానాలకు వచ్చిన అలవాట్లు కనుక, పుస్తకాలున్నంత మాత్రాన ఆయనను పండితుడని అనుకోనక్కరలేదు. పతకాలు మాత్రం గట్టి సాక్ష్యం. ఉదాహరణకు, అంచుల వెంట తెల్లని చారలున్న లేతనీలం పట్టీ బ్రిటిషువారు ఇచ్చిన స్టార్ ఆఫ్ ఇండియా బిరుదుకు గుర్తు. మా విజయనగరం ప్రభువులు విజయరామ గజపతి రాజు గారు ఆ బిరుదు పొందినవారే. అది 1861లో మొదలైంది కాబట్టి, ఆ పట్టీ ఉన్న పటం అంతకు ముందుది కాజాలదు.

స్వభావం దగ్గరే నేను పొరబడ్డాను. 1948లో జమీందారీ ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా దివాణంలో గుమాస్తాగా పనిచేసిన మా తాతగారి పటం విజయనగరంలోని మా ఇంటి సావిట్లో ఉండేది. కుర్చీ చేతిమీద ఆనించిన ఆ పొడుగాటి వేళ్లను చూసి, ఆయన నిదానస్థుడనీ పెట్టుపోతలు తెలిసిన మనిషనీ చిన్నప్పటి నుంచీ నమ్మాను. ఒకనాడు ఆ మాటే అంటే మామ్మ, "ఆ చేతులు మీ తాతవి కావురా, ఆయనవి పొట్టి వేళ్లు" అన్నది. తాతగారు పోయాక, గుండెల వరకే ఉన్న చిన్న ఫోటోమీద గళ్లు గీసి, ఆ లెక్కనే గుడ్డమీద పెద్దది చేసి చిత్రకారుడు ఆ పటం వేశాడట. చేతులు, కుర్చీ, జరీ ఉత్తరీయం అతను సమకూర్చినవే. మామ్మ తన మనిషిదని గుర్తుపట్టింది కాస్త పైకి లేచిన ఎడమ కనుబొమను ఒక్కదాన్నే. లెక్క తప్పిన కాగితం చేతికొస్తే అది అలాగే లేచేదట. అన్నేళ్లుగా ఆ పటం కిందే తిరిగినా నా దృష్టి ఆ కనుబొమమీద పడలేదు.

అందుచేత ఆ జమీందారు గారు చిత్రకారుని ఎదుట కూర్చున్నారా, లేక ఫోటో చూసి వేశారా అన్నది ముందు విచారించండి. తరువాత కాగితంతో ముఖంలో సగం కప్పి, రెండు సగాలనూ విడివిడిగా చూడండి. ఏ మనిషి ముఖమూ రెండువైపులా ఒకేలా ఉండదు. కళ్లలోనూ పెదవుల కొసల్లోనూ ఆ తేడాను నిలిపిన చిత్రకారుడు మనిషిని శ్రద్ధగా చూశాడని నా నమ్మకం. రెండు సగాలూ అచ్చు గుద్దినట్టుంటే, ఆ ముఖంనుంచి స్వభావం చెప్పడానికి నేనైతే సాహసించను.