కెనడాలోని ఉక్రెయిన్ కుటుంబాలు క్రిస్మస్ ముందు రాత్రి పన్నెండు వంటలు ఎందుకు వండుతాయి?

యేసు శిష్యులైన పన్నెండు మంది అపొస్తలుల గుర్తుగా. ఆ రాత్రిని ‘స్వియాత్ వెచిర్’, అంటే పవిత్ర సాయంత్రం అంటారు. తొలి చుక్క పొడిచాకే తాతమ్మ నుంచి మునిమనవళ్ల దాకా అందరూ కలిసి కూర్చుంటారు. మాంసం, పాలు ఉండవు. మొదటి ముద్ద కుత్యా: ఉడికించిన గోధుమల్లో తేనె, గసగసాలు కలుపుతారు. నా మనసును బాగా తాకేది మాత్రం, చనిపోయినవాళ్ల కోసం బల్ల దగ్గర ఖాళీగా ఉంచే చోటు. మూలన నిలబెట్టే గోధుమ పన ‘దిదుఖ్’ కూడా పూర్వీకులకు గుర్తే.

1891 నుంచి గలీసియా (నేటి పశ్చిమ ఉక్రెయిన్ ప్రాంతం) పల్లెల వాళ్లు కెనడా మైదానాలకు వలస వెళ్లారు. మనవళ్లకు భాష పోయినా చాలా ఇళ్లల్లో ఈ భోజనం నిలిచింది. మూలాలు వెతుక్కుంటున్నారా? ముందు అమ్మమ్మ దగ్గర కూర్చుని కుత్యా నేర్చుకోండి. తేదీ గురించి టెన్షన్ వద్దు: ఉక్రెయిన్‌లో ప్రధాన చర్చిలు 2023లో డిసెంబర్ 25కి మారాయి, కెనడాలో కొందరు ఇంకా జనవరి 7నే చేసుకుంటారు.